లెక్క సరైనదని ఎవరు చెప్పాలి?

చోడవరం చుట్టుపక్కల చెరకు పండించే ఇంట్లో పుట్టి, కాస్త ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారనుకుందాం. సొంత ఊరికి పనికొచ్చేలా మీరు రాయగల మొదటి ప్రోగ్రాం కళ్లెదుటే ఉంది. గోవాడ ఫ్యాక్టరీకి తోలిన చెరకుకు ఎంత రావాలో చెప్పే లెక్క. దానికి బొమ్మలూ బటన్లూ అక్కర్లేదు. టెర్మినల్‌లో ‘చెరకు’ అని కొట్టి, పక్కనే సీజను, రికవరీ, టన్నులు ఇస్తే కింది వరుసలో రూపాయలు రావాలి, అంతే. లినక్స్‌లో ప్రోగ్రాంకు తెలుగు పేరే పెట్టుకోవచ్చు కనుక ఈ అధ్యాయం అంతా దాన్ని ‘చెరకు’ అనే పిలుద్దాం.

ప్రోగ్రాం పూర్తవగానే చాలామంది చేసేది ఒకటే. తోచిన అంకెలు రెండు మూడు ఇచ్చి చూస్తారు. జవాబు సరిగానే కనిపిస్తుంది. ఇంకేముంది, వాట్సాప్‌లో ఊళ్లో వాళ్లందరికీ పంపేస్తారు. అలా పంపేముందు ఒక్క పూట ఆగి మీరు చేయవలసిన పని గురించే ఈ అధ్యాయం.

కంటితో చూసి సరే అనుకున్నది ఆ పూటకే చెల్లుతుంది. రేపు ప్రోగ్రాంలో ఒక్క వరుస మార్చారంటే నిన్న చూసింది పనికిరాదు, మళ్లీ మొదటినుంచీ చూడాలి. ఎవరూ చూడరు. ఓపిక లేక కాదు, నిన్న ఏమేం చూశారో గుర్తుండదు కనుక. అందుకే చూసినదాన్ని రాసిపెట్టాలి. ఏ అంకెలు ఇస్తే ఏ జవాబు రావాలో రాసి, పోల్చి చూసే పని యంత్రానికి అప్పగించాలి. ఆటోమేటెడ్ టెస్టింగ్ అంటే ఇదే. ప్రోగ్రామర్లు దీన్ని నైపుణ్యం అంటారు. నా దృష్టిలో ఇది నైపుణ్యం కన్నా ముందు బాధ్యత. మీరిచ్చిన అంకె పట్టుకుని ఒక రైతు ఫ్యాక్టరీ ఆఫీసులో నిలబడతాడు.

కాటా సంగతి చూడండి. తూనికలు కొలతల శాఖ వాళ్లు వచ్చి కాటాను పరీక్షించేటప్పుడు చెరకు బండి ఎక్కించి చూసి సరే అనరు. బండి అసలు బరువు ఎవరికీ తెలియదు కదా. బరువు ముందే తెలిసిన, ముద్ర వేసిన తూనికరాళ్లు పెట్టి చూస్తారు. మీ ప్రోగ్రాంకు కావలసింది కూడా అలాంటి రాళ్లే. జవాబు ముందే తెలిసిన లెక్కలు కావాలి. ఆ జవాబు మీ ప్రోగ్రాం చెప్పినది కాకూడదు, బయటినుంచి రావాలి.

మన లెక్కకు అలాంటివి ఉన్నాయి. చెరకుకు గిట్టుబాటు ధరను ఏటా కేంద్ర ప్రభుత్వం ప్రకటిస్తుంది. ఎఫ్.ఆర్.పి. అని అందరూ అనేది అదే. 2025-26 సీజనుకు 10.25 శాతం రికవరీ మీద క్వింటాలుకు 355 రూపాయలు. రికవరీ అంటే నూరు కిలోల చెరకు ఆడితే ఎన్ని కిలోల చక్కెర దిగిందన్న లెక్క. 10.25 దాటితే ప్రతి 0.1 శాతానికి 3.46 రూపాయలు కలుస్తాయి, తగ్గితే అంతే తగ్గుతాయి. అయితే రికవరీ 9.5 శాతమైనా, అంతకన్నా పడిపోయినా ధర 329.05 కన్నా కిందికి దిగదు. రికవరీ పడిపోయిన ఏడాది రైతును కాపాడే గీత అది.

ఇప్పుడు కాగితం మీద చేయండి. 10.25 నుంచి 9.5కు తేడా 0.75. అంటే ఏడున్నర మెట్లు. 3.46ను ఏడున్నరతో గుణిస్తే 25.95. 355 లోంచి అది తీసేస్తే సరిగ్గా 329.05. ప్రభుత్వం విడిగా ప్రకటించిన అంకె, మీ సూత్రంతో వచ్చిన అంకె పైసాతో సహా కలిశాయి. ఇలా రెండు వైపులనుంచీ కలిసినదాన్నే పరీక్షలో పెట్టండి. రికవరీ 9.5 ఇస్తే 329.05 రావాలి. ఇదీ మీ మొదటి పరీక్ష.

దీని విలువ వెంటనే తెలుస్తుంది. కొత్తగా రాసేవారు చాలామంది తేడాను 0.1తో భాగించి, భిన్నం వదిలేసి పూర్ణసంఖ్యనే ఉంచుతారు. ‘ప్రతి 0.1 శాతానికి’ అని చదవగానే అలా తోచడం సహజమే. అప్పుడు ఏడున్నర కాస్తా ఏడవుతుంది, ధర 330.78 అని వస్తుంది. ఉండాల్సిన దానికన్నా క్వింటాలుకు 1.73 ఎక్కువ. మొదటి పరీక్షే దాన్ని పట్టుకుంటుంది.

అదే తప్పు ఇంకోచోట రైతుకు నష్టంగా మారుతుంది. రికవరీ 10.35 అనుకోండి. తేడా 0.1, అంటే ఒక్క మెట్టు, ధర 358.46 కావాలి. కానీ కంప్యూటర్ దశాంశాలను రెండు ఆధారంగా దాచుకుంటుంది. 10.25 అందులో కచ్చితంగా ఇముడుతుంది, 10.35 ఇమడదు, వెంట్రుకవాసి తక్కువగా నిలుస్తుంది. రెండింటి తేడా 0.1 బదులు 0.09999999999999964 అవుతుంది. దాన్ని 0.1తో భాగించి భిన్నం వదిలేస్తే ఒకటి కాదు, సున్నా వస్తుంది. జవాబు 355.00. పద్దెనిమిది టన్నుల 640 కిలోల లోడు మీద 644.94 రూపాయలు ఎగిరిపోతాయి. తెర మీద మాత్రం ఎక్కడా తప్పు కనిపించదు.

ఈ ప్రోగ్రాంను తోచిన అంకెలతో చూసేవారు ఏం ఇస్తారో ఊహించండి. 10.25 ఇస్తారు, 355 వస్తుంది. 11.25 ఇస్తారు, 389.60 వస్తుంది. రెండూ సరైనవే. తేడా సరిగ్గా 1 అయినప్పుడు భాగహారం కుదురుగా పది ఇచ్చింది. గుండ్రటి అంకెల మధ్య తప్పు దాక్కుంటుంది. కాబట్టి పరీక్షలు గీత మీద, గీతకు ఇటూ అటూ పెట్టాలి. 10.25, 10.26, 10.24. 9.5, 9.51, 9.49. గీత నుంచి బాగా దూరంగా ఒకటి, 9.2. కనీస ధర సంగతి మరిచిపోయిన ప్రోగ్రాం 9.2కు 318.67 అంటుంది, 329.05 అనదు.

తప్పు తెలిశాక సవరణ చిన్నదే. రికవరీని నూరో వంతుల్లో, డబ్బును పైసల్లో, అంటే పూర్ణసంఖ్యల్లో ఉంచుకుని లెక్క కట్టండి. లేదా భాషలోని డెసిమల్ సదుపాయం వాడండి. ముందు పరీక్షలు రాసి ఉంటే ఈ సవరణ చేసేటప్పుడు చెయ్యి వణకదు.

తెర మీద కనిపించనివి

కమాండ్ లైన్ ప్రోగ్రాం మూడు దారుల్లో మాట్లాడుతుంది. జవాబు స్టాండర్డ్ అవుట్‌పుట్‌లో వస్తుంది. ఫిర్యాదు స్టాండర్డ్ ఎర్రర్‌లో వస్తుంది. పని ముగిశాక ఎగ్జిట్ కోడ్ అనే ఒక అంకె వదిలి వెళ్తుంది. సున్నా అంటే అంతా బాగుందని, ఇంకేదైనా అంటే ఏదో జరిగిందని. ఆ పేరుతో ప్రోగ్రామే దొరకకపోతే షెల్ 127 అంటుంది, కంట్రోల్-సి కొట్టి ఆపేస్తే 130 వస్తుంది. టెర్మినల్ ముందు కూర్చున్న మనిషికి మొదటి రెండూ కలిసిపోయి కనిపిస్తాయి, మూడోది అసలు కనిపించదు. అందుకే కంటిచూపు పరీక్ష ఎప్పుడూ సగమే.

‘చెరకు’ను ఆక్‌లో రాశారనుకుందాం. చిన్న లెక్కలకు అది చక్కని పనిముట్టు. ఎవరో రికవరీ దగ్గర 10.35 బదులు ‘పది’ అని అక్షరాల్లో కొట్టారు. అంకెగా మార్చేటప్పుడు ఆక్ దాన్ని సున్నాగా తీసుకుంటుంది. సున్నా 9.5 కన్నా తక్కువే కనుక కనీస ధర వర్తిస్తుంది, 329.05 అని జవాబు వస్తుంది, ఎగ్జిట్ కోడ్ సున్నా. చుక్క బదులు కామా పెట్టి 10,35 అంటే పది దగ్గరే ఆగి 346.35 అంటుంది. రెండూ నమ్మదగ్గట్టుగా ఉన్న అంకెలే, రెండూ తప్పే. ప్రోగ్రాం కుప్పకూలితే నయం, కనీసం తెలుస్తుంది. ఇలా నెమ్మదిగా అబద్ధం చెబితే ఎవరికి తెలుస్తుంది?

కాబట్టి చెడు ఇన్‌పుట్‌కు రాసే పరీక్షలో మూడు విషయాలు ఉండాలి. స్టాండర్డ్ అవుట్‌పుట్ ఖాళీగా ఉండాలి. స్టాండర్డ్ ఎర్రర్‌లో మనిషికి అర్థమయ్యే ఒక మాట ఉండాలి. ఎగ్జిట్ కోడ్ సున్నా కాకూడదు. ఖాళీ ఇన్‌పుట్, రుణ సంఖ్య, 103.5 వంటి అసాధ్యమైన రికవరీ, లేని సీజను, తెలుగు అంకెలు, అన్నిటికీ ఒక్కో పరీక్ష పడాలి. పైథాన్ ౧౦.౩౫ను 10.35గానే చదువుకుంటుంది, ఆక్ చదవదు. రెండింటిలో ఏది కావాలో మీరు తేల్చుకుని పరీక్షలో రాయండి. మంచి ఇన్‌పుట్ పరీక్షల కన్నా చెడు ఇన్‌పుట్ పరీక్షలు ఎక్కువ ఉన్న ప్రోగ్రాంనే నేను నమ్ముతాను.

ఇక్కడే ఇంకో గుంట ఉంది. షెల్‌లో ‘చెరకు’ అవుట్‌పుట్‌ను పైప్ ద్వారా సార్ట్‌కు పంపితే చివర నిలిచేది సార్ట్ ఎగ్జిట్ కోడే. ‘చెరకు’ మధ్యలో చచ్చిపోయినా సార్ట్ ఉన్నంతవరకు వరస పెట్టి సున్నా చెప్పి వెళ్లిపోతుంది. పరీక్ష పచ్చగా కనిపిస్తుంది. బాష్‌లో పైప్‌ఫెయిల్ అనే అమరిక ఆన్ చేస్తే మధ్యలో విఫలమైనదీ బయటపడుతుంది. పరీక్షల ఫైలు మొదటి వరుసల్లోనే అది పెట్టేయండి.

పనిముట్ల గురించి

కొత్తవాళ్లు ఇక్కడే ఎక్కువ కాలం పోగొట్టుకుంటారు. ఏ టూల్ మంచిదని వెతుకుతూ ఒక్క పరీక్ష కూడా రాయరు. మొదలుపెట్టడానికి ఒక ఫోల్డరు, డిఫ్ కమాండు చాలు. ఒక ఫైల్లో ఇన్‌పుట్, పక్క ఫైల్లో రావలసిన జవాబు. ప్రోగ్రాంను నడిపి, వచ్చినదాన్ని డిఫ్‌తో పోల్చి, తేడా ఉంటే ఆగిపోయే పది వరుసల స్క్రిప్టు. డిఫ్ 1970ల నుంచి యూనిక్స్‌తో ఉంది, ఈ పనికి ఇప్పటికీ సాటిలేదు.

ఈ అలవాటు పాతదే. లారీ వాల్ 1987లో పెర్ల్ మొదటి వెర్షన్ విడుదల చేసినప్పుడే దానితోపాటు పరీక్షలూ ఇచ్చాడు. ప్రతి పరీక్షా ‘ఓకే 1’, ‘నాట్ ఓకే 2’ అని ఒక వరుస రాసేది. ఆ సాదా పద్ధతే తర్వాత టాప్ అనే పేరుతో స్థిరపడి ఎన్నో భాషలకు పాకింది. 2005లో పుట్టిన గిట్‌కు ఇవాళ్టికీ పరీక్షల్లో ఎక్కువ భాగం షెల్ స్క్రిప్టులే. ప్రపంచమంతా వాడే ప్రోగ్రాంకు సరిపోయిన పద్ధతి మన చెరకు లెక్కకు సరిపోదా?

పరీక్షలు పదుల సంఖ్యకు చేరాక బ్యాట్స్‌కు మారండి. శామ్ స్టీఫెన్సన్ 2011లో బాష్ కోసం రాసిన పనిముట్టు అది. ఒక్కో పరీక్షకు పేరు పెట్టుకోవచ్చు, ఎగ్జిట్ కోడ్, అవుట్‌పుట్ రెండూ తీరుగా చేతికి వస్తాయి. పైథాన్ అలవాటున్నవారికి పైటెస్ట్ ఉంది. ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగే ప్రోగ్రాంల పరీక్ష కొంచెం కష్టం. డాన్ లైబ్స్ 1990లో అమెరికాలో రాసిన ఎక్స్‌పెక్ట్ అందుకోసమే. ఫలానా ప్రశ్న కనిపిస్తే ఫలానా జవాబు కొట్టు అని దానికి చెప్పొచ్చు. నా సలహా మాత్రం, ప్రోగ్రాం ప్రశ్నలే అడగకుండా విలువలన్నీ కమాండు పక్కనే తీసుకునేలా రాయండి. పరీక్షించడం తేలికైన ప్రోగ్రాంను వాడుకోవడమూ తేలికే.

పోల్చే ఫైళ్ల విషయంలో ఒక జాగ్రత్త. ప్రోగ్రాం నడిపి, వచ్చిన అవుట్‌పుట్‌నే ‘రావలసిన జవాబు’గా దాచుకునే పద్ధతి ఒకటుంది. పెద్ద రిపోర్టులకు అది పనికొస్తుంది. కానీ మొదటిసారి దాచేటప్పుడు ఒక్కో వరుసా కాగితం లెక్కతో చూసుకోవాలి. తర్వాత తేడా వచ్చినప్పుడల్లా కొత్తదాన్ని కళ్లు మూసుకుని పాతదాని స్థానంలో పెట్టేస్తే ఆ పరీక్ష తప్పుకే కాపలా కాస్తుంది.

తెలుగు, తేదీలు

రిపోర్టులో ఊరి పేర్లు తెలుగులో అచ్చువేయాలనుకుంటారు, వేయాలి కూడా. అప్పుడు కొత్త తప్పులు వస్తాయి. ‘చోడవరం’ మన కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8లో పద్దెనిమిది బైట్లు. పది బైట్ల గడిలో పేరు కత్తిరించే ప్రోగ్రాం మూడు సంకేతాలు దాటి నాలుగో సంకేతం మధ్యలో కోసేస్తుంది, అచ్చులో చివర పిచ్చి గుర్తు వస్తుంది. ఇంగ్లిష్ పేర్లతో ఎంత పరీక్షించినా ఇది బయటపడదు. కాబట్టి పరీక్షల్లో చోడవరం, గోవాడ, మాడుగుల, బుచ్చెయ్యపేట అని తెలుగులోనే రాయండి. ఒత్తులున్న పేరు ఒకటైనా ఉండాలి.

దీనికి తోడు లొకేల్, అంటే సిస్టం భాషా అమరిక సంగతి. మీ టెర్మినల్‌లో యూటీఎఫ్-8 ఉంటుంది. అదే ప్రోగ్రాంను రాత్రిపూట, చెప్పిన వేళకు కమాండ్లు నడిపే క్రాన్ నడిపితే ఆ అమరిక లేకపోవచ్చు. అక్షరాలు లెక్కపెట్టే కమాండు ఒకచోట 6 అంటుంది, ఇంకోచోట 18 అంటుంది. పరీక్ష మొదట్లోనే లొకేల్ ఏదో స్పష్టంగా పెట్టి, రెండు అమరికల్లోనూ ఒకసారి నడిపి చూడండి.

తేదీల దగ్గర మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే అక్కడ డబ్బుంది. చెరకు ఇచ్చిన 14 రోజుల్లోగా ఫ్యాక్టరీ డబ్బు చెల్లించాలని, లేకపోతే ఆలస్యమైన కాలానికి ఏడాదికి 15 శాతం వడ్డీ ఇవ్వాలని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. మీ ప్రోగ్రాం ఆ వడ్డీ కూడా కట్టాలనుకుంటే గీత పద్నాలుగో రోజు దగ్గర ఉంది. పద్నాలుగో రోజున చెల్లిస్తే వడ్డీ సున్నా అని ఒక పరీక్ష, పదిహేనో రోజున చెల్లిస్తే ఒక్క రోజు వడ్డీ అని ఇంకొకటి. క్రషింగ్ శీతాకాలంలో సాగుతుంది కనుక ఫిబ్రవరి 29 సీజను మధ్యలోనే పడుతుంది. 2024 ఫిబ్రవరి 20న తోలిన లోడుకు గడువు మార్చి 5. 2025లో అదే తేదీకి మార్చి 6. రెండూ పరీక్షల్లో ఉండాలి. 66,172 రూపాయల మీద పది రోజుల వడ్డీ 365తో భాగిస్తే 271.94, లీపు సంవత్సరమని 366తో భాగిస్తే 271.20. ఏది అనుసరిస్తారో పరీక్ష రాసేటప్పుడే తేల్చుకోక తప్పదు. పరీక్షలు తప్పులు పట్టడం ఒక ఎత్తు, అస్పష్టంగా వదిలేసిన నిర్ణయాలను మన చేత తీసుకునేలా చేయడం ఇంకో ఎత్తు.

ప్రోగ్రాం ‘ఈ రోజు’ తేదీని తనంతట తాను గడియారం నుంచి తీసుకోకూడదు. తేదీని బయటినుంచి ఇచ్చే వీలుండాలి. లేకపోతే ఇవాళ గెలిచిన పరీక్ష వచ్చే నెల ఏ మార్పూ లేకుండానే ఓడిపోతుంది.

తేదీతో మారేది డబ్బొక్కటే కాదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి, చోడవరం విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకు వచ్చింది. పాత లోడు చీటీని మళ్లీ అచ్చువేస్తే అందులో ఆనాటి జిల్లా పేరే ఉండాలా, ఇప్పటిదా? ఏప్రిల్ 3 చీటీకి ఒక పరీక్ష, ఏప్రిల్ 4 చీటీకి ఒకటి రాసి మీ సమాధానం నమోదు చేయండి.

ధర కూడా అంతే. 2024-25 సీజనుకు ఎఫ్.ఆర్.పి. 340, మెట్టుకు 3.32, కనీస ధర 315.10. కొత్త సీజను రాగానే ప్రోగ్రాంలో 340ని చెరిపేసి 355 రాస్తారు కొందరు. పాత సీజను బకాయి లెక్కిద్దామంటే కొత్త ధర పడుతుంది. పాత పరీక్షలను అలాగే ఉంచి, కొత్త సీజనుకు కొత్త పరీక్షలు చేర్చితే ఈ తప్పు చేసిన నిమిషంలోనే బయటపడుతుంది. ధర మారిందని పాత పరీక్షలోని అంకె దిద్దడానికి చెయ్యి వెళ్లిందంటే ఆగండి. గడిచిన సీజను ధర ఎప్పటికీ మారదు.

ఇక నడపడం. పరీక్షలన్నీ ఒకే కమాండుతో, కొన్ని సెకన్లలో నడవాలి. ఎక్కువసేపు పడితే మానేస్తారు. గిట్ వాడుతుంటే కమిట్‌కు ముందు అవి వాటంతట అవే నడిచేలా హుక్ పెట్టండి. ఒక్కటి ఓడినా కమిట్ ఆగిపోవాలి. ‘ఈ ఒక్కసారికి’ అని దాటేసే అలవాటు చేసుకోవద్దు. తొందరలో ఉన్న రోజునే తప్పులు దొర్లుతాయి, పరీక్ష అవసరమూ ఆ రోజే.

ప్రోగ్రాంను ఊళ్లో వాళ్లకు పంపిన కొన్నాళ్లకు ఎవరో ఒకరు ఫ్యాక్టరీ చీటీ పట్టుకుని మీ ఇంటికి వస్తారు. ‘బాబూ, నీ లెక్కకీ దీనికీ కుదరట్లేదు’ అంటారు. వెంటనే ప్రోగ్రాం తెరిచి దిద్దడం మొదలుపెట్టకండి. ముందు చీటీలోని టన్నులు, తేదీ, సీజను, రికవరీ తీసుకుని, రావలసిన మొత్తాన్ని ఆయన ఎదుటే కాగితం మీద కట్టండి. ఆయన పేరు, ఖాతా నంబరు వదిలేసి మిగతా అంకెలతో కొత్త పరీక్ష రాయండి. నడపండి. అది ఓడిపోతే తప్పు మీ ప్రోగ్రాందని రుజువైంది, ఇప్పుడు దిద్దండి. గెలిస్తే మీ లెక్క నిలబడింది, చీటీలో ఎక్కడ తేడా ఉందో ఆయనతో కలిసి వరుసవరుసా చూడండి. ఎలా తేలినా ఆ పరీక్షను తీసేయకండి, మిగతావాటితోపాటే ఉండనివ్వండి.